నడవగలిగిన గురువారం

పోయిన వారం ఉత్తరాలమ్మని మంచం అంచున, ఒళ్ళో ఒక కవరుతో వదిలేసి వచ్చాం. వైకల్య భృతి కోసం ఆవిడ పెట్టుకున్న అర్జీ రెండుసార్లు తిరిగొచ్చి మూడోసారికి కదిలిందనీ, గురువారం పదకొండింటికి ఆఫీసు నుంచి ఒక మనిషి ఇంటికే వచ్చి కళ్ళారా చూసి రాసుకుంటారనీ ఆ కవర్లో ఉంది. ఇరవై రెండేళ్ళు ఇంటింటికీ కవర్లు పంచిన మనిషి, తన పేరున వచ్చిన కవరు చింపడానికి అరగంట తటపటాయించింది.

ఆ గురువారం రానే వచ్చింది.

ఆరున్నరకి మెలకువ వచ్చింది. కళ్ళు తెరవకుండానే, రోజూ చేసినట్టే, ముందు కుడికాలి బొటనవేలిని పలకరించింది. కదిలింది. ఎడమకాలిది కూడా కదిలింది. దుప్పటి పక్కకి తోసి పాదాలు కిందికి దించితే గచ్చు చల్లగా తగిలింది. గచ్చు చల్లగా ఉంటుందన్న సంగతే మర్చిపోయి చాలా రోజులైంది. లేచి నిలబడింది. గోడ పట్టుకోలేదు. వంటింట్లోకి నడిచివెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్ళీ గదిలోకి వచ్చింది.

ఇంకో రోజైతే పండగ చేసుకునేది. ఇవాళ గుండె గుభేలుమంది.

రెండేళ్ళ కిందట డాక్టరు చెప్పాడు. "మెదడు పంపే కబురు కాళ్ళదాకా పోవాలి కదమ్మా. దారిలో నరాల మీద పొర చెడింది. ఒకరోజు అందుతుంది, ఒకరోజు అందదు. ఏ రోజు ఏమవుతుందో నేనూ చెప్పలేను."

"బట్వాడా సరిగ్గా లేదన్నమాట," అంది ఆవిడ. డాక్టరు నవ్వాడు. ఆవిడా నవ్వింది. అప్పటికింకా నవ్వొచ్చేది.

ఈ సోమవారం ఇదే గచ్చు మీద మోచేతులతో పాకుతూ బాత్రూమ్ దాకా వెళ్ళింది. మంగళవారం అదీ చేతకాలేదు. నిన్న కూతురు బుల్లి చంకల కింద చేతులేసి లేపి తీసుకెళ్ళింది. ఇవాళ మాత్రం కాళ్ళు ఏమీ ఎరగనట్టు, మేమెప్పుడు మొరాయించామన్నట్టు, బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

అసలు ఆవిడకి చెడ్డరోజుల కంటే మంచిరోజులంటేనే బెదురు. చెడ్డరోజున ఎవరికీ కనపడదు. మంచిరోజున కింద కొట్టుదాకా వెళ్తే చాలు, "ఏమ్మా, బాగానే ఉన్నావుగా! మంచం పట్టావన్నారే?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలో సంతోషం ఎంతో, అనుమానం ఎంతో తూచడం కష్టం. అందుకే ఒంట్లో బాగున్న రోజున కూడా చేతికర్ర పట్టుకునే వెళ్ళేది. అవసరం లేని కర్రని నేలకి ఆనించీ ఆనించకుండా నడుస్తుంటే, తన వీధిలో తనే దొంగలా ఉండేది.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. సెలవు అడిగితే దొరకలేదు, తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళిపోయాడు. తొమ్మిదింటికి చెల్లెలు దిగబడింది. రెండు వీధుల అవతల బ్యూటీ పార్లర్ నడుపుతుంది ఆవిడ. చెయ్యెంత చురుకో నోరూ అంత చురుకు. అక్కంటే ప్రాణం పెడుతుంది, కాకపోతే ఆ ప్రాణాన్ని తన ఇష్టం వచ్చినట్టే పెడుతుంది.

"ఇదేంటక్కా, నిలబడ్డావు!" అంది గుమ్మంలోనే, కొంపలంటుకున్నట్టు.

"బాగుందే ఇవాళ."

"బాగుండటానికి నీ కాళ్ళకి ఇవాళే దొరికిందా?"

"నేనేం చెయ్యను? నా చేతిలో ఉందా?"

"నీ చేతిలో లేదు. నా చేతిలో ఉంది. పడుకో ముందు."

"పడుకోవడమేంటే?"

చెల్లెలు సంచీ బల్ల మీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంది. "ఆ వచ్చే ఆవిడ నీ సోమవారాన్ని చూస్తుందా? మంగళవారాన్ని చూస్తుందా? ఈ ఒక్క గంటే చూస్తుంది. చూసి, 'మనిషి భేషుగ్గా ఉంది' అని రాసి పోతుంది. మళ్ళీ అర్జీ పెట్టాలంటే ఏడాది ఆగాలి. ఉద్యోగం పోయె, బావ ఒక్కడి జీతం, దీని చదువు. ఈ ఒక్క గంట సోమవారంలా ఉండు. లేనిది చూపించమంటున్నానా? మొన్నటి నిజమే కదా, ఇవాళ చూపిస్తున్నాం."

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది ఉత్తరాలమ్మకి. ఏ మూలో గుచ్చుకుంటూనే ఉన్నా, వెళ్ళి పడుకుంది.

చెల్లెలు సంచీలోంచి డబ్బాలు తీసింది. మొహానికి తెల్లగా ఏదో రాసింది, కళ్ళ కింద వేలితో నల్లగా అద్దింది, పెదాల రంగు చంపేసింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "పార్లర్ పెట్టి పదేళ్ళయింది, మనిషిని బాగోకుండా చెయ్యడం ఇదే మొదటిసారి," అంది. తనే నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

బుల్లి పుస్తకాలు గుండెకి హత్తుకుని గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. ఇరవై ఏళ్ళ పిల్ల. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏడు. అమ్మని చూసుకోడానికి ఇవాళ కూడా కాలేజీ మానేసింది.

"బుల్లీ, ఆవిడ నిన్ను కూడా అడుగుతుంది," అంది చెల్లెలు, బ్రష్షు తుడుచుకుంటూ. "వారం నుంచీ మంచం దిగలేదని చెప్పు. అంతే. ఎక్కువ చెప్పకు, తడబడతావు."

బుల్లి అమ్మ వైపు చూసింది.

వద్దు అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఉత్తరాలమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"సరే పిన్నీ," అంది బుల్లి. ఆ గొంతులో ఏమీ లేదు.

పదకొండూ పదికి తలుపు తట్టారు. వచ్చినావిడకి యాభై దాటి ఉంటాయి. మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు, చంకలో ఫైలు, రొప్పు. కుర్చీలో కూలబడి, "రెండంతస్తులా అమ్మా! మెట్లు గోడలా ఉన్నాయి. ఎలా దిగుతారు మీరు?" అంది.

"దిగడమా!" చెల్లెలు అందుకుంది. "మంచమే దిగదండీ, మెట్లదాకా ఎక్కడ?"

ఆఫీసరమ్మ చెల్లెలి వైపు ఒకసారి చూసి, నవ్వి, "మీరు చెప్పేది కూడా రాసుకుంటాను. ముందు ఆవిడని చెప్పనివ్వండి," అంది. గదమాయింపు లేదు. అదే వచ్చిన చిక్కు. ఉత్తరాలమ్మ కసిరే మనిషి వస్తుందనుకుంది. కసిరే మనిషి దగ్గర నటించడం తేలిక. ఈవిడ ఫైలు పక్కన పెట్టి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఉత్తరాలమ్మ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"చల్లగా ఉన్నాయా నా చేతులు? తెలుస్తోందా?"

"ఏదో... కొంచెం."

"ఫరవాలేదు. ఇప్పుడు నా అరచేతిని తన్నండి. ఎంత బలముంటే అంత. మొహమాటపడకండి."

రెండేళ్ళుగా కదలని కాలుని కదలమని బతిమాలిన మనిషి, ఇప్పుడు కదిలే కాలుని ఆపడానికి పళ్ళు బిగబట్టింది. తొడ వణికింది. ఆ వణుకు చూసి ఆఫీసరమ్మ జాలిగా తలూపింది. "చాలు, చాలు. శ్రమపెట్టను," అని పాదాన్ని మెల్లగా పరుపు మీద ఆనించి, జారిపోయిన దుప్పటిని తనే సర్ది కప్పింది.

సొంత తోబుట్టువు కప్పినట్టు కప్పింది. ఉత్తరాలమ్మకి ఆ దుప్పటి కింద ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

ఆఫీసరమ్మ లేచి కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. గుమ్మం వైపు చూసింది. "కూతురివా అమ్మా? రోజూ చూసుకునేది నువ్వేనా?"

"అవునండి," అంది బుల్లి.

"ఈ వారం ఎలా ఉంది అమ్మకి?"

బుల్లి గచ్చు వైపు చూస్తూ, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. "మంచం దిగలేదండి. వారం నుంచీ ఇంతేనండి."

ఆఫీసరమ్మ రాసుకుంది. కాగితం మీద పెన్ను గీసుకునే చప్పుడు ఉత్తరాలమ్మకి చెవుల్లో వినిపించింది.

బుల్లికి ఆరేళ్ళప్పుడు ఒకటి జరిగింది. అమ్మ సంచీలో ఎవరిదో కవరు మీద అందమైన తపాలా బిళ్ళ చూసి ముచ్చటపడి దాన్ని పీకబోతే, కవరే చిరిగింది. ఉత్తరాలమ్మ ఆ పిల్ల రెక్క పట్టుకుని ఆ ఇంటిదాకా నడిపించుకెళ్ళి, ఆ ఇంటావిడ ముందు నిలబెట్టి, "నేనే చింపానండి" అనిపించింది. పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే కూడా వదల్లేదు. నిజం చెప్పాక ఏడుపు అదే ఆగుతుందని చెప్పింది. ఆ పిల్లే ఇవాళ అమ్మ కోసం, అమ్మ ఎదురుగా, తల దించుకుని అబద్ధం చెప్పింది. ఈసారి కంట్లో చుక్క నీళ్ళు కూడా లేవు.

తల కొట్టేసినట్టయింది ఉత్తరాలమ్మకి.

"అక్కా!" అని చెల్లెలు అరిచేలోపే దుప్పటి తీసేసి లేచింది. మంచం నుంచి కిటికీదాకా నడిచింది. కిటికీ నుంచి కుర్చీదాకా నడిచింది. మొత్తం పది పన్నెండు అడుగులు. ఒక్కటీ తడబడలేదు. అంత సుఖంగా నడుస్తూ అంత సిగ్గుపడొచ్చని ఆవిడకి అప్పటిదాకా తెలీదు. నేల చీలితే అందులో దూరిపోయేది.

"ఇదండీ నేను," అంది. "ఇవాళ నడవగలను. పొద్దున్నుంచీ నడుస్తూనే ఉన్నాను. మీరొస్తున్నారని పడుకున్నాను." అరచేత్తో మొహం తుడుచుకుంది. తెలుపూ నలుపూ కలిసి చేతికి అంటుకుంది. "ఇది పౌడరు. పిల్లచేత అబద్ధం ఆడించింది నేను. దాని తప్పేం లేదు."

"నేనండీ!" అంది చెల్లెలు, ఏడుపు గొంతుతో. "పడుకోమన్నది నేను. అక్కకి ఈ తెలివితేటలు లేవు."

ఆఫీసరమ్మ ఎవరి వైపూ చూడలేదు. పెన్నుకి మూత పెట్టింది. మంచం పక్కన కూర్చున్నప్పుడు నలిగిన తన బట్టల్ని మోకాళ్ళ దగ్గర దులుపుకుంది.

"నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను," అంది చివరికి. మెత్తదనం పోయింది. "నా ముందు పడుకుని నటించినవాళ్ళు మీరు మొదటివారు కాదు. లేచి నడిచినవాళ్ళు మాత్రం మీరే మొదలు. మెచ్చుకోమంటారా? ఇప్పుడు నేనేం రాయాలి? నడుస్తుందని రాస్తే మీకు భృతి రాదు. నడవలేదని రాస్తే నేను అబద్ధం రాసినట్టు."

"రెండూ రాయండి."

"రెండూ రాయడానికి గడి లేదు."

"నా జబ్బుకీ లేదండీ ఒక గడి," అంది ఉత్తరాలమ్మ. "మీ కాగితంలో 'ఆగకుండా యాభై అడుగులు వేయగలరా' అని ఉంది. అవును, కాదు. ఏ రోజుది రాయను? ఇవాళ అడిగితే అవును. సోమవారం అడిగితే, ఈ గుమ్మం దాటడానికి పావుగంట పట్టింది, మోచేతులు కొట్టుకుపోయాయి. చూడండి." నైటీ చేతులు పైకి లాగింది. రెండు మోచేతుల మీదా గీరుకున్న చర్మం, ఎండీ ఎండని పక్కు.

పౌడరు పూసిన మొహాన్ని చూపించినప్పుడు లేని సిగ్గు, ఉన్న దెబ్బని చూపించేటప్పుడు ముంచుకొచ్చింది. వెంటనే చేతులు కిందికి లాక్కుంది.

ఆఫీసరమ్మ ఆ మోచేతుల్ని చూసింది. తర్వాత ఫైలులోంచి ఇంకో కాగితం తీసి, కింద సన్నటి అక్షరాలున్న చోట వేలు పెట్టింది. "ఇది చదివారా? ఎవరూ చదవరు. మంచి రోజో చెడ్డ రోజో కాదు, ఎక్కువ రోజులు ఎలా ఉంటుందో చూడమని ఉంది ఇక్కడ. నెలలో సగం కంటే ఎక్కువ రోజులు నడవలేకపోతే, మిగతా రోజులు పరిగెత్తినా సరే, భృతి ఇవ్వొచ్చు. ఇదొక్కటి చదివుంటే మీరు నా ముందు పడుకోవలసిన పనే లేదు."

చెల్లెలు నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. ఆవిడ జీవితంలో అదొక అరుదైన ఘట్టం.

"సగం కంటే ఎక్కువే ఉంటాయండీ," అంది ఉత్తరాలమ్మ. "కానీ గుర్తు పెట్టుకోలేదు. మంచిరోజు రాగానే ముందు చేసే పని, చెడ్డరోజుల్ని మర్చిపోవడమే."

"ఈమధ్య బాగా గుర్తున్న చెడ్డరోజు ఒక్కటి చెప్పండి. ఉన్నదున్నట్టు."

ఉత్తరాలమ్మ మంచం అంచున కూర్చుంది. చెప్పాలా వద్దా అన్నట్టు ఒకసారి బుల్లి వైపు చూసింది. "పోయిన నెల మా అమ్మాయికి ప్రాక్టికల్ పరీక్ష. అది బట్టలేసుకుని బయల్దేరింది. నేను బాత్రూమ్‌లో ఉన్నాను. లేవబోతే కాళ్ళు లేవు. నా కాళ్ళు అక్కడున్నట్టే తెలీలేదు. తలుపు గడియ అందదు. అది బయట నుంచి కొట్టీ కొట్టీ, చివరికి గడియ ఊడగొట్టి లోపలికొచ్చింది. నేనున్న తీరు... కన్నకూతురు చూడకూడని తీరు. కడిగి, బట్టలు మార్చి, మంచం మీదికి చేర్చేసరికి పరీక్ష టైము దాటిపోయింది. వెళ్ళమన్నాను. వెళ్ళలేదు. నిన్నొదిలి ఎలా వెళ్ళనంది." ఆగింది. "అదండీ."

ఆవిడ చెప్పింది నిజమే. పూర్తి నిజం కాదు. ఆ రోజు సాయంత్రం మబ్బు పట్టింది. నాలుగింటికి కాళ్ళు తిరిగొచ్చాయి, ఎలా పోయాయో అలాగే. ఆరిన బట్టలు తడిసిపోతాయని ఆవిడే డాబా ఎక్కి తెచ్చింది. మెట్లు దిగుతుంటే కింద గుమ్మంలో బుల్లి నిలబడి ఉంది. బట్టలు అందుకుని లోపలికి వెళ్ళి మడత పెట్టింది. ఆ సాయంత్రం సంగతి ఉత్తరాలమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

ఆఫీసరమ్మ అంతా రాసుకుంది. "ఇంట్లో ఉండి రోజూ చూసే మనిషి, నెలలో ఇన్ని రోజులు ఇలా ఉంటుంది అని రాసి సంతకం పెడితే చాలు. సాక్ష్యం కింద తీసుకుంటాను. ఇవాళ జరిగింది కూడా రాస్తాను, దాచను. కానీ ఆ సాక్ష్యం బలంగా ఉంటే నిలబడుతుంది." బుల్లి వైపు తిరిగింది. "నువ్వు రాయగలవా అమ్మా? ఈసారి నిజం."



"మంచినీళ్ళు తెస్తానండి," అని బుల్లి వంటింట్లోకి వెళ్ళింది.

"ఇంకొక్కటి ఉంది," అంది ఆఫీసరమ్మ. గొంతు తగ్గించింది. ఫైలు చివర్లోంచి ఒక కాగితం తీసింది, నోటుపుస్తకంలోంచి చింపిన గీతల కాగితం. "మామూలుగా చూపించకూడదు. మీరు దాచకుండా చెప్పారు కాబట్టి చూపిస్తున్నాను. మీ మీద ఆఫీసుకి వచ్చింది, పది రోజులైంది. పేరు లేదు. ఇది ఫైల్లో ఉండగా సాక్ష్యం ఒక్కటే సరిపోతుందో లేదో నాకే తెలీదు. ఇందుకే నేను ఇంటికొచ్చింది."

ఉత్తరాలమ్మ అందుకుని చదివింది. నాలుగే వాక్యాలు.

'ఆవిడ నడవగలదు. ఇష్టమైనప్పుడు నడుస్తుంది, అవసరమైనప్పుడు పడిపోతుంది. పొద్దున పడిపోయి అందరి పనీ పాడుచేసిన మనిషి సాయంత్రం డాబా ఎక్కి బట్టలు తెచ్చింది. నేను కళ్ళారా చూశాను.'

రెండోసారి చదవలేదు. రెండోసారి చూసింది. వేలమంది చేతిరాతల్ని మోసిన కళ్ళు అవి. ఎవరి రాతో చెప్పడానికి అడ్రసు కూడా అక్కర్లేదు. ఈ కాగితంలో అక్షరాలన్నీ ముందు రాసేసి, తలకట్లు చివర్లో ఒకేసారి పెట్టుకుంటూ వచ్చారు. అన్నీ ఒకే వాలు, వాక్యానికొకటి మర్చిపోయి. ఒకటో తరగతిలో ఆ అలవాటు మాన్పించాలని ఆవిడ ఎంత ప్రయత్నించిందో! 'ముందు అక్షరం, తర్వాత తలకట్టు కాదే, రెండూ కలిపి రాయాలి' అని పలక మీద చెయ్యి పట్టి దిద్దించింది. మానలేదు.



కోపం రాలేదు. వస్తే బాగుండేది. పిల్ల పరీక్ష పోగొట్టుకున్న సాయంత్రం తను బట్టల మోపుతో మెట్లు దిగింది. పిల్లకి అంతకంటే ఏం కనపడుతుంది? అనుమానం ఉన్నా లేకపోయినా, ఇవాళ పౌడరు పూయించుకుని పడుకుని, ఆ నాలుగు వాక్యాల్నీ తనే నిజం చేసి చూపించింది.

"ఎవరు రాశారో తెలుసా మీకు?" ఆఫీసరమ్మ కళ్ళజోడు పైనుంచి చూస్తోంది. "డాబా సంగతి బయటివాళ్ళకి తెలిసేది కాదు. పక్కవాటాలో ఎవరైనా? గొడవలున్నాయా? చెప్పండి. కావాలని రాసిందని తేలితే దీన్ని పక్కన పెట్టొచ్చు."

"చూడనీ అక్కా," అని చెల్లెలు చెయ్యి చాపింది. ఉత్తరాలమ్మ కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

ఇక మీదట ఈ మనిషి దగ్గర ఒక్క అబద్ధం కూడా ఆడకూడదనుకుని పావుగంట కాలేదు.

"తెలీదండీ," అంది. "ఎవరో... తెలీదు. ఈ రాత నేనెప్పుడూ చూళ్ళేదు."

వంటింటి గుమ్మంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది. ముగ్గురూ తలలు తిప్పారు. రెండు గ్లాసుల నీళ్ళతో బుల్లి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు. నీళ్ళు పళ్ళెంలోకి ఒలికిపోతున్నాయి, అది చూసుకోవడం లేదు. అమ్మ గుప్పిట వైపే చూస్తోంది.

"లోపలికెళ్ళు బుల్లీ," అంది ఉత్తరాలమ్మ. బతిమాలినట్టుంది.

బుల్లి వెళ్ళలేదు. ఆఫీసరమ్మ కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"మా అమ్మ అబద్ధం చెబుతోందండీ," అంది.